నాకంటే పన్నెండేళ్ళు పెద్దది

టొలీడోలో నా మొదటి చలికాలం
కారు కోసం అప్పు అడగబోతే
టై సర్దుకుంటూ ఆ కుర్రాడన్నాడు,
మీ ఫైలు ఖాళీగా ఉందని.
చెడ్డగా ఉందనలేదు. ఖాళీగా.
ఎవరికీ దమ్మిడీ బాకీ లేనని
మా ఊళ్ళో చెప్పుకుంటే గొప్ప.
ఇక్కడ చెప్పుకుంటే
ఇంకా పుట్టనట్టు లెక్క.

ఆస్పత్రి లాండ్రీలో నాతో దుప్పట్లు మడిచేది
డొలోరెస్ నొవాక్.
అటు కొసలు తనవి, ఇటు కొసలు నావి.
దగ్గరికొచ్చి, వేళ్ళు తగిలి, మళ్ళీ వెనక్కి.
రోజుకి మూడొందల సార్లు అలా ఎదురుపడే ఇద్దరి మధ్య
ఏ సంగతి దాగుతుంది?

ఒక మధ్యాహ్నం పర్సులోంచి కార్డు తీసింది.
"ప్లాస్టిక్కు ఎన్నిసార్లో మారింది, ఖాతా అదే.
డెబ్భై ఆరులో తెరిచా.
అంతకు ముందేడు దాకా
స్టాన్లీ సంతకం తెమ్మనేవాళ్ళు.
నా ఒక్కదాని పేరు మీద
మొట్టమొదట ఏం కొన్నానో చెప్పు?
పిల్లలకి బూట్లు కాదు.
ఎర్ర రెయిన్‌కోటు.
ఆరోజు వాన కూడా లేదు."

మర్నాడు ఫోను చేసి
ఆ ఖాతాలో నా పేరు చేర్పించింది.
నా పేరుతో వచ్చిన కార్డు మాత్రం
కత్తెరతో రెండు ముక్కలు చేసి నవ్వింది.
"ఇది నీకెందుకు? దాని వయసు చాలు."

రెండు నెలలకి నా ఫైల్లో అచ్చయింది:
అన్నిటికంటే పాత ఖాతా, నలభై రెండేళ్ళు.
నాకు ముప్ఫై.
నాకంటే నా అప్పు పన్నెండేళ్ళు పెద్దది.
నేను పుట్టకముందే నేను నమ్మకస్తురాలిని.
డెబ్భై ఎనిమిది మంచు తుఫానులో
మోకాళ్ళ లోతున నడిచెళ్ళి కట్టిన వాయిదా,
గాజు ఫ్యాక్టరీ మూతపడి
స్టాన్లీ ఇంట్లో కూర్చున్న ఏడాది వాయిదాలు,
స్టాన్లీని పూడ్చిన నెలది కూడా,
అన్నీ నేనే కట్టినట్టు రాసుంది.
ఒక్క నెలా తప్పలేదు డొలోరెస్.
కారొచ్చింది నాకు.

తర్వాత నా సొంతానివీ తెరిచాను.
తెరిచినప్పుడల్లా సగటు వయసు కుంగేది,
పాత బియ్యంలో కొత్త బియ్యం కలిస్తే
అన్నం ముద్దయినట్టు.
అయినా పైన ఆమె ఉందిగా అనుకునేదాన్ని.

మార్చిలో పోయింది.
ఫీనిక్స్ నుంచి కూతురొచ్చి
కరెంటు, టెలిఫోను, చర్చి చందా,
ఒక్కొక్కటే ఆపేసుకుంటూ
ఆ ఖాతా కూడా మూసేసింది.
ఆ అమ్మాయి తప్పేముంది?
చచ్చిపోయినవాళ్ళ పేరు మీద ఎవరు అప్పు పెడతారు.

కొత్త జోడీతో దుప్పటి మడుస్తుంటే ఫోను మోగింది.
ఈ పిల్లకి ఇంకా లయ పట్టుబడలేదు,
కొసలు జారుతుంటాయి.
యాభై ఎనిమిది పాయింట్లు పోయాయట.
కారణం: మీ ఖాతాల వయసు తక్కువ.
జనం వయసు తగ్గించుకోడానికి
క్రీములకి ఎంతెంతో పోస్తారు.
నేను ఒక్క రాత్రిలో
నలభై ఏళ్ళు చిన్నదాన్నయ్యాను.
అందులో ఏడ్చేంత ఏముందని
ఆ పిల్ల అడిగింది.
పౌడరు ఘాటు అన్నాను.

ఇప్పుడు నాకున్న పెద్దది
రెండొందల డాలర్లు బ్యాంకులో పెట్టి తెచ్చుకున్న
ఆ మొదటి కార్డే. నాలుగేళ్ళది.
అది ఏ బహుమతులూ ఇవ్వదు.
మూసేయండి, మంచిదిస్తాం అంటుంది బ్యాంకమ్మాయి.
మూయను.
వాడకపోతే వాళ్ళే మూసేస్తారని
నెలకోసారి దానితో తపాలా బిళ్ళలు కొంటాను,
ఉత్తరాలు రాయకపోయినా.

నిన్న మాత్రం మన్రో వీధి దుకాణంలో
ఎర్ర రెయిన్‌కోటు అడిగాను.
లేదన్నారు.
ఎర్ర గొడుగు తీసుకున్నాను.
బయట ఎండ.
బిల్లు గడువు ఇరవై మూడు.
ఇరవై ఒకటికే కట్టేయాలి.